ఇద్దరికీ రావలసిన ఫోను

వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. పెళ్ళయిన నాటి నుంచీ కళ్ళజోళ్ళ షాపు కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఇంకేం పేరు పెడతారు? షాపు కింద, ఇల్లు పైన. షాపు ఆమె భర్తదీ, మరిదిదీ. భర్త వెనక గదిలో మెషీను ముందు కూర్చుని లెన్సుల అంచులు ఫ్రేముకి సరిపడేలా అరగదీసేవాడు. మరిది సరుకు కోసం, ఆర్డర్ల కోసం బయట తిరిగేవాడు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ముఖానికి నప్పే ఫ్రేము వెతికి, ముక్కు మీద సరిచేసి, "ఇప్పుడా బోర్డు చదవండి" అనడం అద్దాలక్క వంతు. పైన ఇంట్లో అత్తగారు, మరిది భార్య ఉండేవారు. అద్దాలక్క కూతురు పైచదువుకి హాస్టల్లో చేరింది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆ జావా భాష మాట మొదట ఎత్తింది ఆమె కాదు, తోడికోడలు. ఆవిడ కాలేజీలో చదివిందే కంప్యూటర్లు. పెళ్ళయ్యాక అదంతా అటకెక్కింది. ఒక సాయంత్రం వీధి చివరి లైబ్రరీ నుంచి రొప్పుతూ వచ్చి కౌంటర్ మీద వాలిపోయింది.

"అక్కా, లైబ్రరీ మేడ మీద శనివారాలు జావా క్లాసులట. మొదటి నుంచీ చెప్తారట. ఫీజు కూడా లేదు."

"ఇంకేం, వెళ్ళు."

"ఒక్కదాన్నే వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదు. అన్నీ మర్చిపోయా. అందరూ కుర్రవాళ్ళే ఉంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? నువ్వూ రా అక్కా. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే పక్కన కూర్చో."

"నాకు తెలిసిన జావ జ్వరమొస్తే తాగేదొక్కటే."

"అదే అనుకుని రా!"

అలా వెళ్ళింది అద్దాలక్క. పక్కన ఊరికే కూర్చోవడానికి.

మేడ మీద పొడుగాటి గది. పాత కంప్యూటర్లు, ఊగే కుర్చీలు. పాఠం చెప్పే ఆయన ఏదో ఆఫీసులో ప్రోగ్రాములు రాసి రాసి రిటైరైన మనిషి. గొంతు బొంగురు. బోర్డు మీద ఒక్కొక్క లైను రాసి, చివర ఆగి, అందరి ముఖాలూ చూసి "సెమీకోలన్!" అని గట్టిగా అనేవాడు. అది పెట్టకపోతే ఏమవుతుందో మొదటి రోజే గది గదంతా తెలుసుకుంది, తెర మీద ఎర్రటి గీతలతో. రెండో వారానికల్లా ఆయన పేరు సెమీకోలన్ మాస్టారుగా స్థిరపడిపోయింది. ఆయనకీ ఆ సంగతి తెలుసు, ఏమీ అనుకోలేదు.

మొదటి ప్రోగ్రాము తెర మీద ఒక మాట చూపించాలి, అంతే. తక్కినవాళ్ళు మాస్టారు రాసిన మాటే దించేశారు. పక్కన ఊరికే కూర్చోవడానికి వచ్చిన మనిషి మాత్రం కీబోర్డు మీద ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ "ఆ బోర్డు చదవండి" అని పెట్టింది. నల్లటి తెర మీద తను రోజూ అనే మాట తెల్లగా ప్రత్యక్షమయ్యేసరికి ఆమెకి నవ్వాగలేదు. తోడికోడలు మోచేత్తో పొడిచినా ఆగలేదు.

అసలు చిక్కు క్లాసు, ఆబ్జెక్టు దగ్గర వచ్చింది. మాస్టారు కారు బొమ్మ వేసి, ఇది క్లాసు, రోడ్డు మీద తిరిగేవి ఆబ్జెక్టులు అన్నాడు. గదిలో సగం మంది తలలూపారు గానీ ఆ ఊపులో నమ్మకం లేదు. తోడికోడలు ఇంటికొస్తూ దారి పొడుగునా గొణిగింది.

"కాలేజీలో కూడా ఇక్కడే మునిగిపోయానక్కా. క్లాసంటాడు, ఆబ్జెక్టంటాడు. రెండూ ఒకటే అనిపిస్తాయి. పరీక్షలో బట్టీ కొట్టి బయటపడ్డా."

అద్దాలక్క మర్నాడు షాపులో జనం పలచబడ్డాక ఫ్రేముల కంపెనీ పంపిన బొమ్మల పుస్తకం తీసి తోడికోడలి ముందు పరిచింది.

"ఇది చూడు. ఈ బొమ్మని నువ్వు ముక్కు మీద పెట్టుకోగలవా?"

"ఎలా పెట్టుకుంటాను, కాగితం కదా!"

"కళ్ళజోడుకి ఏమేం ఉండాలో ఇందులో ఉంది. ఫ్రేము, రంగు, కుడికంటి పవరు, ఎడమకంటి పవరు. కానీ ఏ పవరో ఇందులో లేదు. అది మనిషి వచ్చి కూర్చుంటే గాని తెలీదు. మనిషొచ్చాడు, కొలిచాం, తయారుచేశాం. ఆ చేతికిచ్చిన జోడు ఆబ్జెక్టు. ఈ కాగితం క్లాసు. మీ బావగారు వెనక మెషీను దగ్గర చేసే పనే, మాస్టారు ఆబ్జెక్టు తయారుచేసేటప్పుడు రాసే ఆ 'న్యూ' అనే ముక్క."

తోడికోడలు బొమ్మ వైపు, అరలో వేలాడుతున్న జోళ్ళ వైపు, మళ్ళీ బొమ్మ వైపు చూసింది. "అయ్యో రామా, ఇంతేనా!" అని నెత్తి మీద కొట్టుకుంది.

ఆ రోజు నుంచి షాపు కంప్యూటర్ వాళ్ళ బడి అయిపోయింది. మధ్యాహ్నాలు బేరాలు తక్కువ. ఇద్దరూ ఒకే బెంచీ మీద సర్దుకుని, ఒకరు టైపు చేస్తుంటే ఒకరు తప్పులు పట్టేవారు. తోడికోడలి వేళ్ళు చకచకా పరుగెత్తేవి, తప్పు రాస్తే కంప్యూటర్ ఇంగ్లీషులో పెట్టే తిట్లు ఆవిడే చదివి చెప్పేది. ఎక్కడ తప్పు జరిగి ఉంటుందో పసిగట్టడం అద్దాలక్కది.

పసిగట్టినా తనూ పప్పులో కాలేసిన రోజులు లేకపోలేదు. ఒకసారి ముగ్గురు మనుషులకి మూడు కళ్ళజోళ్ళు తయారుచేసే ప్రోగ్రాము రాసింది. మొదటివాడికి ఒక పవరు, రెండోవాడికి ఒకటి, మూడో ఆవిడకి ఒకటి ఇచ్చింది. తీరా అచ్చువేయిస్తే ముగ్గురికీ మూడో ఆవిడ పవరే వచ్చింది. రెండు మధ్యాహ్నాలు జుట్టు పీక్కున్నారు. చివరికి అద్దాలక్కకే తట్టింది. పవరు ముందు 'స్టాటిక్' అని రాసింది తను. ఎందుకు రాశావంటే చెప్పలేదు, బోర్డు మీద ఎక్కడో చూసింది, ముచ్చటగా ఉందని తగిలించింది. ఆ మాట రాస్తే ఆ పవరు ఏ ఒక్క జోడుదీ కాదు, అన్నిటికీ కలిపి ఒకటే. చివర ఎవరు మారిస్తే వాళ్ళదే అందరికీ.

"ఇలాంటి షాపు నడిపితే ఊళ్ళో అందరూ గోడలకి గుద్దుకుంటారక్కా!" అని తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి వెనక గదిలో మెషీను ఆగింది. "ఏంటర్రా ఆ గోల?" అంటూ తొంగి చూసిన భర్తకి ఇద్దరూ ఒకేసారి చెప్పబోయి ఇంకా నవ్వారు.

అంతకు ముందు ఆ ఇద్దరూ శత్రువులేం కాదు, స్నేహితులూ కాదు. ఒకే వంటింట్లో మర్యాదగా మసలుకునేవారు. నీ గిన్నె, నా గిన్నె అన్న లెక్క పైకి అనకపోయినా ఉండేది. జావా వచ్చాక అదంతా కొట్టుకుపోయింది. కూరలు తరుగుతూ "ఉల్లిపాయలు అయిపోయేదాకా వైల్ లూప్" అనుకునేవారు. అత్తగారికి కోపమొస్తే "అత్తయ్య డాట్ కోపం, ట్రూ" అని ఒకరి చెవిలో ఒకరు ఊదుకునేవారు. ఆవిడ చెవులు పాము చెవులు.

"ఎవరికే ఒంట్లో బాగా లేనిది? పొద్దస్తమానం జావ జావ అంటారు?"

"మాకే అత్తయ్యా. ఇది ముదిరిపోయింది," అంది అద్దాలక్క.

భర్తకి ఇదంతా మహా సరదాగా ఉండేది. ఒకరోజు దిండంత జావా పుస్తకం కొనుక్కొచ్చి, అట్ట వేసి మరీ చేతిలో పెట్టాడు. జోడు బిగించుకోవడానికి వచ్చినవాళ్ళతో "మా ఆవిడ ప్రోగ్రామరవుతోందండీ, జాగ్రత్తగా మాట్లాడండి" అనేవాడు. భోజనాల దగ్గర ఆమె ఆ రోజు నేర్చుకున్నది చెప్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవాడు. బైఫోకల్ జోడు మామూలు జోడు నుంచి అన్నీ వారసత్వంగా తెచ్చుకుని, పైన తన సొంత లెన్సు ఒకటి చేర్చుకుంటుందని ఆమె చెప్పినప్పుడు, "అదేదో మా తమ్ముడి కన్నా నయం, వాడు తెచ్చుకున్నదే గాని చేర్చింది లేదు" అన్నాడు. తమ్ముడితో సహా అందరూ నవ్వారు. అద్దాలక్కకి ఆ రోజుల్లో భర్త మీద కొత్తగా ఇష్టం పుట్టుకొచ్చింది. తన మాట ఇంత శ్రద్ధగా వినే మనిషి పక్కనే ఉన్నాడని ఇన్నాళ్ళూ గమనించలేదే అనుకుంది.

క్లాసులు ముగిసే ముందు ప్రతివాళ్ళూ ఒక ప్రోగ్రాము చేసి చూపించాలన్నాడు మాస్టారు. ఇద్దరు కలిసి చేసినా ఫర్వాలేదన్నాడు. వీళ్ళిద్దరూ షాపుకే ఒకటి రాశారు. కొన్నవాళ్ళ వివరాలు, వాళ్ళ పవర్లు, ఏ లెన్సు తెప్పించాలి, ఏది వచ్చింది, ఏది రాలేదు. ఎవరి పవరూ బయటి నుంచి ఎవరు పడితే వాళ్ళు మార్చకుండా లోపల దాచి, మార్చాలంటే ఒక్కటే దారి పెట్టింది అద్దాలక్క. మైనస్ రావలసిన చోట ప్లస్ కొడితే "మళ్ళీ చూసుకోండి" అని అడ్డుకునేలా చేసింది. తోడికోడలు తెర అందంగా అమర్చింది. పాత బిల్లింగు ప్రోగ్రాము తీసేసి షాపులో ఇదే వాడటం మొదలుపెట్టారు.

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పులు చెప్పి, ఆఖరున ఇద్దరినీ పక్కకి పిలిచాడు.

"నాకు తెలిసిన కంపెనీ ఒకటుంది. క్లినిక్కులకి సాఫ్ట్‌వేర్ చేస్తారు. కొత్తవాళ్ళని ఇద్దర్ని తీసుకుని నేర్పించుకుంటారట. వయసు పట్టింపు లేదు. మీ ఇద్దరి పేర్లూ పంపిస్తాను. ఏమంటారు?"

అద్దాలక్క తోడికోడలి వైపు చూసింది. "నేను డిగ్రీ కూడా పూర్తి చెయ్యలేదండీ."

"వాళ్ళకి అదీ చెప్పాను. మీరు రాసింది చూస్తామన్నారు. ఫోన్ నంబర్లు ఇవ్వండి."

తోడికోడలు తన మొబైలు నంబరిచ్చింది. అద్దాలక్క షాపు నంబరిచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండేది అక్కడే కదా. మొబైలు పైన వంటింట్లో ఛార్జింగులో పడి ఉంటుంది.

ఇంట్లో చెప్తే భర్త "వెళ్ళు, వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు. మరిది భుజాలెగరేశాడు. అత్తగారు "ఆఫీసులో మంచినీళ్ళుంటాయో ఉండవో, సీసా పట్టుకెళ్ళండి" అంది.

ఫోను కోసం ఎదురుచూడటం మొదలైంది. షాపు ఫోను మోగినప్పుడల్లా అద్దాలక్క చేతిలో ఉన్నది కౌంటర్ మీద పెట్టి పరుగున వెళ్ళేది. మా జోడు అయిందా, మా అబ్బాయి ఫ్రేము విరిగింది, ఇవే. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది.

"నీకేమైనా వచ్చిందా?" అని అడిగేది తోడికోడల్ని.

"లేదక్కా. వస్తే నీకు చెప్పనా?" అనేది ఆవిడ, తెర వైపు చూస్తూ.

ఒకరోజు పొద్దున్నే తోడికోడలు ఇస్త్రీ బట్టలు కట్టుకుని దిగింది. పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానంది. బ్యాగు జిప్పు ఊడిపోయిందని అవస్థ పడుతుంటే అద్దాలక్కే తన బ్యాగు ఖాళీ చేసి ఇచ్చింది. "నేనూ తోడు రానా?" అంది. "వద్దక్కా, షాపులో జనం ఉన్నారు" అంటూ ఆవిడ గబగబా వీధిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వచ్చాక అద్దాలక్క ఆవిడ కోసం మెత్తగా వండి పెట్టింది. ఆవిడ తల దించుకుని తింది.

తర్వాత కొన్నాళ్ళకి భోజనాల దగ్గర తోడికోడలు చెప్పింది. చెప్పిందంటే, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ అంది.

"నాకు ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు."

అద్దాలక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇంటర్వ్యూకి ఎప్పుడు వెళ్ళావు?"

"ఆ రోజే అక్కా. పన్ను నొప్పన్నానే, ఆ రోజు."

"ఏం చూపించావు?"

తోడికోడలు గ్లాసు అటూ ఇటూ జరిపింది. చూపించడానికి ఇంకేముంది గనక? ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని రాసిన ప్రోగ్రామే.

"మంచిదే," అంది అద్దాలక్క. గిన్నెలో ఉన్నది అందరికీ వడ్డించింది. భర్త "శభాష్, మన ఇంటి నుంచి ఒకరైనా..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. తోడికోడలు వంటింట్లోకి వస్తే అద్దాలక్క కిందకి దిగేది. ఆవిడ కిందకి వస్తే అద్దాలక్క పైకెక్కేది. "అక్కా, ఒక్క మాట" అని ఆవిడ చాలాసార్లు గుమ్మం దగ్గర నిలబడింది. "నాకు పనుంది" అనేది అద్దాలక్క. పనేమీ ఉండేది కాదు. తుడిచిన ఫ్రేములే మళ్ళీ తుడిచేది. తనకి ఎందుకు ఫోను రాలేదో ఆమె మనసులోనే తేల్చేసుకుంది. డిగ్రీ లేని మనిషిని ఎవరు పిలుస్తారు? పేరు చూడగానే పక్కన పడేసి ఉంటారు. అది తన రాత. కానీ ఆవిడకి ఫోనొచ్చిన సంగతి దాచడం, తన బ్యాగే పట్టుకుని తన ముఖం మీదే అబద్ధం ఆడటం, అది మింగుడు పడలేదు. "పాపం, నీకు రాలేదా అక్కా" అని ఒక్క మాట అని వెళ్తే తను బస్టాపు దాకా దిగబెట్టి ఉండేది.

భర్త ఆమెను ఊరడించాడు కూడా. "పోనీలే, మనసులో పెట్టుకోకు. చిన్నపిల్ల, భయపడి ఉంటుంది" అన్నాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం సెమీకోలన్ మాస్టారు షాపుకి వచ్చాడు. ఆయన జోడు మీద కూర్చున్నాడట, వంకర పోయింది. ఎలాగూ పవరు మారి ఉంటుంది, కొత్తది చేయించుకుంటానన్నాడు. అద్దాలక్క ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కనుపాపల మధ్య దూరం కొలవడానికి చిన్న స్కేలు ఆయన ముక్కు మీద ఆనించి, ఎదురుగా వంగింది.

"నా ఎడమకన్నే చూడండి. కదలకండి."

కదలకుండానే ఆయన అన్నాడు. "మీరు వద్దనుకోవడం నాకు బాధ అనిపించిందమ్మా. మీ ఇష్టం అనుకోండి. కానీ వాళ్ళు మీరు రాసిన ఆ పవరు దాచే భాగం చూసి, ముందు మిమ్మల్నే పిలవాలనుకున్నారు."

"నేనేం వద్దనుకున్నాను మాస్టారూ?"

"అదే, ఆ ఉద్యోగం. షాపు నంబరుకి ఫోన్ చేశారట కదా. మీవారు మాట్లాడారట. మీకు ఆసక్తి లేదు, ఇల్లూ షాపూ వదిలి కుదరదు, సరదాకి నేర్చుకున్నారు అన్నారట. రెండోసారి చేసినా అదే మాట."

స్కేలు మీద గీతలు అలుక్కుపోయాయి. అద్దాల తలుపు అవతల మెషీను గుయ్యిమంటోంది. భర్త వీపు కనిపిస్తోంది, ఎవరి లెన్సో అరగదీస్తున్నాడు.

"మళ్ళీ కొలవాలండీ," అంది అద్దాలక్క. "ఒక్క నిమిషం."

రెండోసారి కొలిచింది. సరిగ్గానే కొలిచింది. ఆయన ముఖానికి నప్పే ఫ్రేము చూపించింది, బిల్లు తను రాసిన ప్రోగ్రాములోనే వేసి ఇచ్చింది. మాస్టారు ఆమె ముఖం చూసి ఏదో అర్థమైనట్టు, "నేను అనకూడని మాటేమైనా అన్నానా?" అన్నాడు. "లేదండీ. మంచి పని చేశారు" అని వీధి తలుపు దాకా సాగనంపింది. ఆ తలుపుకే గడియ పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి మెషీను స్విచ్చు ఆపేసింది.

భర్త తలెత్తాడు. "ఏమైంది?"

"నాకు ఫోనొచ్చిందట కదా."

ఆయన చేతిలోని లెన్సుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏం? వచ్చిందా లేదా?"

"వచ్చింది. రెండుసార్లూ నువ్వు వంటకి పైకెళ్ళినప్పుడే." గుడ్డ పక్కన పడేశాడు. "ఇద్దరూ వెళ్ళిపోతే ఇక్కడ ఎవరుంటారు చెప్పు? నువ్వు లేకపోతే కౌంటర్ నడుస్తుందా? సగం మంది నిన్ను చూసి వస్తారు. పైన అమ్మ ఒక్కతే. నువ్వేదో సరదా పడుతున్నావు, పడనీ అనుకున్నా. ఉద్యోగం దాకా వస్తుందనుకోలేదు."

"పుస్తకం కొన్నారు. అట్ట కూడా వేశారు."

"సరదా పడ్డావు కదా అనే కొన్నా."

"నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది? కుదరదని నా ముఖం మీదే అనొచ్చుగా?"

"అంటే నువ్వు వెళ్ళేదానివి," అన్నాడు భర్త. "నువ్వడిగితే నేను కాదనలేను. అది నీకూ తెలుసు. అందుకే..."

ఆ మాట ఆయన ఆమెను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. అద్దాలక్క లెన్సుల పెట్టె మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఫోను మోగితే తను పరుగెత్తడం ఈయన ఈ గదిలోంచి చూస్తూనే ఉన్నాడు. పోనీలే అని ఊరడించాడు. నింద ఇంకొకళ్ళ మీద పడుతుంటే పడనిచ్చాడు.

"మీ మరదలికీ తెలుసా?"

ఆయన మెషీను వైపు తిరిగాడు. తెలుసన్నమాట.

సాయంత్రం తోడికోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి అద్దాలక్క మెట్ల మీద కూర్చుని ఉంది. ఈసారి లేచి వెళ్ళిపోలేదు.

"నీకు ఎప్పుడు తెలుసు?"

తోడికోడలు బ్యాగు కింద పెట్టి గోడకి ఆనుకుంది. చెప్పడానికి ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా ఉన్నట్టు గడగడా చెప్పింది.

"వాళ్ళు నాకు ఫోన్ చేసినప్పుడే, మీ అక్కగారు రానన్నారు అన్నారు. నేను నమ్మలేదు. బావగారినడిగా. మీ అక్క వెళ్తే ఇల్లు కూలిపోతుంది, దానికి తెలియనివ్వకు, నువ్వు వెళ్ళిరా, నేను చూసుకుంటా అన్నారు. అప్పుడే నీ దగ్గరికి రావలసింది. రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"నీకు చెప్తే ఇద్దర్లో ఎవరో ఒకరు ఆగాలంటారేమోనని. ఆగాల్సింది నేనేనంటారేమోనని. నీకు నా కన్నా బాగా వచ్చక్కా. అది నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్ళకీ తెలిసింది." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "నాకు ఆ ఉద్యోగం కావాలి. అందుకే నోరు మూసుకున్నా. బావగారి మీదకి తోసెయ్యను."

నిజం చెప్పినందుకు అద్దాలక్కకి కోపం తగ్గలేదు. కానీ భర్త మాటల కన్నా ఈ మాటలు వినడం తేలిక అనిపించింది.

పై మెట్టు మీద అడుగుల చప్పుడైంది. అత్తగారు అన్నీ వింది.

"నా పేరెందుకు వాడాడు వాడు?" అంది ఆవిడ. "నన్ను చూడ్డానికి మనిషి కావాలని నేనెప్పుడన్నాను? నా మందులు నేను వేసుకుంటా, నా బట్టలు నేనుతుక్కుంటా. నీళ్ళ సీసా పట్టుకెళ్ళమన్నాను గాని, ఇంట్లో కూర్చోమన్నానా?" రాత్రి భోజనాల దగ్గర కొడుకుని కూడా అదే అడిగింది. ఆయన పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆవిడ ఆ తర్వాత చాలా రోజులు పెద్దకొడుకుతో ముక్తసరిగానే మాట్లాడింది. దాని వల్ల అద్దాలక్కకి ఒరిగిందేమీ లేదు గానీ, ఇంట్లో ఒకరైనా తన వైపు ఉన్నారనిపించింది.

మర్నాడు ఆమె తనే ఆ కంపెనీకి ఫోన్ చేసింది. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రెండో చోటు నిండిపోయిందండీ, మీరు వద్దన్నారని వేరే వాళ్ళని తీసుకున్నాం, మళ్ళీ ఎప్పుడైనా ఉంటే చెప్తాం అంది. "నేను వద్దనలేదండీ" అంది అద్దాలక్క. అవతలి అమ్మాయి "సారీ అండీ" అంది. ఆ అమ్మాయి తప్పేముంది అందులో?

ఆమె ఇల్లు వదిలి పోలేదు, అలిగి పస్తులుండలేదు. పట్టణం అవతలి వైపు మాస్టారి పాత శిష్యుడొకడు తర్వాతి పాఠాలు చెప్తాడని తెలుసుకుని చేరింది. సాయంత్రం కౌంటర్ ముందు ఎంతమందున్నా, వేళ కాగానే లేచి వెళ్ళిపోయేది. మొదట్లో భర్త "వీళ్ళని చూసి వెళ్ళరాదూ" అనేవాడు. ఆమె చెప్పులేసుకునేది. కొన్నాళ్ళకి ఆయనే కౌంటర్‌కి ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్తే షాపు మునిగిపోతుందన్నది ఎంత సులువుగా సర్దుకుపోయిందో చూసి అద్దాలక్క ఒకరోజు ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. నిజంగా కుదరని పని అయితే ఇంత బాధ ఉండేది కాదు.

ఉద్యోగాలకి రాస్తూనే ఉంది. ఎక్కడ రాసిందో, ఎవరు పిలిచారో ఇంట్లో ఎవరికీ చెప్పేది కాదు. మొబైలు ఎప్పుడూ ఒంటి మీదే. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు పిలిచి, డిగ్రీ దగ్గర ఆగిపోయారు. ఒకచోట కుర్రవాడొకడు, స్ట్రింగులు, అంటే అక్షరాల వరసలు, రెండూ ఒకటో కాదో చూడాలంటే మధ్యలో రెండు ఈక్వల్ గుర్తులు ఎందుకు పెట్టకూడదని అడిగాడు. ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది, అయినా తీసుకోలేదు. ఏడాది దాటాక బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న ఆఫీసులో చోటు దొరికింది. ఇతరులు రాసిన దాంట్లో తప్పులు వెతికి దిద్దే పని. ఇంట్లో ఆ సంగతి, కొళాయి బాగుచేసేవాడు రేపొస్తాడన్నట్టు చెప్పింది.

తోడికోడలితో మాటలు కలిశాయి. ఒకే వంటిల్లు, కలవకపోతే ఎలా? ఆవిడకి జ్వరమొస్తే ఈమె చూసింది, ఈమె కూతురు ఇంటికొస్తే ఆవిడ పట్టుకెళ్ళి బట్టలు కొనిచ్చింది. ఒక్క జావా సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. ఒకసారి తోడికోడలు ఆఫీసులో ఏదో చిక్కు పడి, అలవాటు కొద్దీ "అక్కా, ఇది చూడు" అని ల్యాప్‌టాప్ తిప్పబోయి, తనే ఆగిపోయి మూసేసింది. అద్దాలక్క చూసింది. చూసి కూడా పిలవలేదు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె బాల్కనీలో ఆరిన బట్టలు మడత పెడుతుంటే భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక దుప్పటి కొస పట్టుకున్నాడు.

"ఆఫీసులో ఏం చేస్తున్నావు ఈ మధ్య?"

చెప్పకూడదనేం లేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఒక ఊరు వెళ్ళే టికెట్టు రద్దు చేస్తే ఇంకో ఊరు టికెట్టు కూడా పోతోందట. నలుగురు కలిసి వారం వెతికినా దొరకలేదు. రెండు టికెట్లూ వేరనుకుంటున్నారు గాని, లోపల రెండు పేర్లూ ఒకే టికెట్టుని పట్టుకుని ఉన్నాయి. ఎవరో కాపీ తీసుకోవలసిన చోట, ఉన్నదాన్నే ఇంకో పేరుతో పిలిచారు. చెప్తూ చెప్తూ ఆమె చేతుల్లో వేగం వచ్చింది, గొంతులోకి వెలుగు వచ్చింది. తల తిప్పి చూస్తే భర్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళార్పకుండా వింటున్నాడు.

అప్పుడు కూడా ఇలాగే విన్నాడు. ఈ ముఖంతోనే విన్నాడు.

"ఊఁ, తర్వాత?" అన్నాడు ఆయన.

"అంతే. దొరికింది, సరిచేశాం," అని ఆమె దుప్పటి కొస ఆయన చేతిలోంచి తీసుకుని మడత పూర్తిచేసింది.